ఫ్లాపీ, బ్యాటరీ, కొబ్బరికాయ

కొత్త కంప్యూటరు కొంటే దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పక్కన నిమ్మకాయ పెట్టటం మనం చూస్తూనే ఉంటాం. "పోనిద్దురూ, బొట్టు పెడితే మీకొచ్చిన నష్టమేమిటి?" అని నన్ను చాలామంది అడుగుతారు. పూజ చేసిన రోజున నష్టమేమీ లేదు. ఆ యంత్రం ఆగిపోయిన రోజున ఉంటుంది. పూజ వల్ల నడుస్తున్నదని నమ్మినవాళ్ళు, అది ఆగిపోతే ఎవరి వల్ల ఆగిందా అని వెతుకుతారు. ఆ వెతుకులాటలో సంఘం అధ్యక్షుడు ఎప్పుడూ దొరకడు. ఎదురు చెప్పలేని మనిషే దొరుకుతుంది. నేను దగ్గరుండి చూసిన ఒక ఉదాహరణ చెబుతాను.

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బీకాం. కంప్యూటర్ల గురించి నేను కాలేజీలో నేర్చుకున్నది ఏమీ లేదు. 1990లలో జీతాల బిల్లులు కంప్యూటరు మీదికి వచ్చినప్పుడు, పక్కన కూర్చుని చూసి, మాన్యువల్ చదివి నేర్చుకున్నదే. ఉండేది కలకత్తా గార్డెన్ రీచ్‌లో. హుగ్లీ ఒడ్డున ఒక పక్క యుద్ధనౌకలు కట్టే గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్, ఇంకో పక్క ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం. స్వతంత్ర భారతదేశంలో కట్టిన మొదటి యుద్ధనౌక ఐఎన్ఎస్ అజయ్ 1961లో ఇక్కడి నుంచే నౌకాదళానికి వెళ్ళింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మనవాళ్ళు ఇక్కడికి పనికి వస్తూనే ఉన్నారు. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఆగ్నేయ రైల్వే కిందే ఉండేది కాబట్టి ఆ రాకపోకలు సహజం.

అలా వచ్చిన కొన్ని కుటుంబాలు కలిసి ఒక చిన్న పొదుపు సంఘం నడిపేవి. పేరు ఇక్కడ అనవసరం. 2020 మే 20న ఆంఫన్ తుఫాను వచ్చినప్పుడు సంఘం గదిలోకి నీళ్ళు వచ్చి, కింది అరల్లో ఉన్న పాత లెడ్జర్లు ముద్దయిపోయాయి. సభ్యులు కూడా తగ్గిపోవటంతో 2022లో సంఘాన్ని మూసేసి, ఎవరి డబ్బు వారికి ఇచ్చేద్దామని నిర్ణయించారు. అప్పుడు ఒక పెద్దావిడ పాత పాస్‌బుక్కు పట్టుకుని వచ్చింది. భర్త రైల్వేలో కళాసీగా చేసి చనిపోయాడు. పాస్‌బుక్కు ప్రకారం ఆవిడకు అసలే 11,400 రూపాయలు రావాలి, వడ్డీ వేరు. చివరి రెండు పద్దుల దగ్గర పొడి సంతకం ఉంది గానీ సంఘం ముద్ర లేదు. సరిచూద్దామంటే ఆ సంవత్సరాల లెడ్జరు లేదు.

మిగిలిన ఒకే ఆధారం ఆరు ఫ్లాపీలు. 1995లో సంఘం ఒక 486 కంప్యూటరు కొని రెండేళ్ళు లెక్కలు దానిలో రాసింది. దాని హార్డ్ డిస్కు ఎప్పుడో పోయింది. ఒక ఫ్లాపీలో డాసూ, లెక్కల ప్రోగ్రామూ ఉన్నాయి. ఆ ఫ్లాపీతో బూట్ చేసి, తర్వాత లెక్కల ఫ్లాపీ పెట్టాలి. ఆ పాత పెట్టె అటక మీద ఉండటం వల్ల తడవలేదు.

"పాత కంప్యూటరు ఎందుకు, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు కొంటే సరిపోదా?" అని చదివేవారిలో ఎవరికైనా అనిపించవచ్చు. మా అబ్బాయి చేత అదీ తెప్పించాను. ఆరింటిలో రెండు చదివింది, నాలుగు చదవలేదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో అంగుళానికి 135 ట్రాకులుంటాయి. అంటే ట్రాకుకూ ట్రాకుకూ మధ్య దూరం మిల్లీమీటరులో అయిదో వంతు కూడా లేదు. డ్రైవులో తల కొంచెం పక్కకు జరిగి ఉంటే అది రాసిన ఫ్లాపీని అదే చదువుకుంటుంది గానీ, వేరే డ్రైవుకు అందదు. కాబట్టి రాసిన డ్రైవునే బతికించుకోవాలి.

ఇక జరిగినది. 2022 సెప్టెంబరు 16, శుక్రవారం. మరునాడు విశ్వకర్మ పూజ. కలకత్తాలో ఆ రోజు లేతు మిషన్ల నుంచి రిక్షాల దాకా అన్నిటికీ పూజ చేస్తారు, చాలాచోట్ల యంత్రాలకు విశ్రాంతి ఇస్తారు, ఆకాశం నిండా గాలిపటాలు ఎగురుతాయి. ఒక సభ్యుడి మనవడు, పాలిటెక్నిక్ కుర్రాడు, ఆ సాయంత్రం కంప్యూటరు అటక మీద నుంచి దింపి, దుమ్ము దులిపి, నడిపి చూశాడు. బూట్ అయింది. మెనూ తెర మీద వచ్చిందని అందరికీ చెప్పి, రాత్రి బండికి ఖరగ్‌పూర్ వెళ్ళిపోయాడు. పదిహేడో తారీకు పదకొండు గంటలకు పూజ అయ్యాక పెద్దావిడ వచ్చి, కుర్చీలో కూర్చుని, "ఒకసారి సూసి సెప్పండి బాబూ" అని అడిగింది. కార్యదర్శికి జాలి కలిగి స్విచ్చి వేశాడు. బూట్ కాలేదు. పదిసార్లు వేశాడు. కాలేదు.

ఇంకేముంది. నిన్న నడిచింది, ఇవాళ నడవలేదు. నిన్నకూ ఇవాళ్టికీ తేడా ఏమిటి? పూజ రోజు యంత్రాన్ని ముట్టుకోవటం ఒకటి, ఆవిడ రావటం రెండు. ముట్టుకున్నది కార్యదర్శి కాబట్టి మొదటి కారణం ఎవరికీ నచ్చలేదు. రెండోది అందరికీ నచ్చింది. "మొగుడు పోయిన మనిషి పొద్దున్నే ఎదురుగా వచ్చి కూర్చుంటే ఏ పని అవుతుంది?" అని ఒకాయన అన్నాడు. "డబ్బు న్యాయమైనదైతే యంత్రమే తెరుచుకునేది" అని ఇంకొకాయన అన్నాడు. ఈ రెండో మాటను గమనించండి. మొదటిది ఆవిడను అపశకునం అన్నది, రెండోది దొంగ అన్నది. ఒక ఫ్లాపీ చదవకపోవటం నుంచి ఇన్ని తీర్పులు పుట్టాయి.

పద్దెనిమిదో తారీకు ఆదివారం ఉదయం కంప్యూటరు ముందు కొబ్బరికాయ కొట్టారు. తర్వాత స్విచ్చి వేశారు. కాలేదు. అప్పుడు నాకు కబురు వచ్చింది. నేను వెళ్ళేసరికి పెద్దావిడ గుమ్మం బయట నిలబడి ఉంది. "లోపలికి రండి పెద్దమ్మా" అన్నాను. రాలేదు. "నానేటి సేసినాను బాబూ? కుర్సీలో కూకున్నాను, అంతే" అన్నది.

లెక్కలు చూసేవాడికి ఒక అలవాటు ఉంటుంది. ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే ఎవరినీ తిట్టడు. తేడా ఎంతో చూస్తాడు. తేడా తొమ్మిదితో భాగించబడితే 54ను 45గా రాసి ఉంటారేమోనని వెతుకుతాడు. తేడాలో సగం మొత్తం ఎక్కడైనా ఉంటే డెబిట్ వైపుది క్రెడిట్ వైపు పడిందేమో చూస్తాడు. తప్పు ఏదైనా తన గుర్తును వదిలే వెళుతుంది. కంప్యూటరు కూడా అంతే.

మొదట తెర మీద ఏముందో పూర్తిగా చదివాను. ఆ కంప్యూటరు పెట్టగానే ఇంగ్లీషులో రెండు వరుసలు చూపించి, ముందుకు వెళ్ళటానికి ఎఫ్1 నొక్కమంటుంది. రెండు రోజులుగా అందరూ ఎఫ్1 నొక్కుతున్నారు గానీ పైన ఉన్న వరుసలు ఎవరూ చదవలేదు. "సీమోస్ బ్యాటరీ బలహీనంగా ఉంది, సెటప్ వివరాలు సరిగా లేవు" అని దాని సారాంశం. యంత్రం తన జబ్బు తానే చెబుతుంటే, మనవాళ్ళు గుమ్మంలో ఉన్న మనిషిని చూస్తున్నారు!

ఆ బ్యాటరీ పని ఏమిటో తెలియనివారికి చెబుతాను. కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు కూడా తేదీ, సమయం, ఏ డ్రైవు ఏ రకం అనే వివరాలను ఒక చిన్న చిప్పు గుర్తు పెట్టుకోవాలి. దానికి కరెంటు ఇచ్చేది రూపాయి బిళ్ళ లాంటి బ్యాటరీ. అది అయిపోతే, ఆపిన ప్రతిసారీ కంప్యూటరు ఆ వివరాలు మర్చిపోతుంది. తనకు ఫ్లాపీ డ్రైవు ఉన్నదన్న సంగతి కూడా మర్చిపోవచ్చు. నేను సెటప్‌లోకి వెళ్ళి చూస్తే అదే జరిగింది. ఫ్లాపీ డ్రైవు ఎదురుగా "లేదు" అని ఉంది.

మరి పదహారో తారీకు ఎలా నడిచింది? దీనికి సమాధానం తెలిసినవాడు ఖరగ్‌పూర్‌లో ఉన్నాడు. ఫోన్ చేశాను. "ఏమేం చేశావు, వరుసగా చెప్పు బాబూ" అని అడిగి కాగితం మీద రాసుకున్నాను. కుర్రాడు చెప్పినదాని ప్రకారం మొదట అదీ బూట్ కాలేదట. సెటప్‌లో ఫ్లాపీ రకం చేత్తో ఎక్కించి, కంప్యూటరు ఆపకుండానే బూట్ చేశాడు. మెనూ వచ్చాక లెక్కల ఫ్లాపీలు నాలుగు ఒక్కొక్కటే పెట్టి చూశాడు. వాటిలో రెండిటి మీద బూజు మచ్చలున్నాయట. అప్పుడు ఆపేసి బండికి వెళ్ళిపోయాడు. అంటే "నిన్న నడిచింది" అన్న మాటలో ఒక ముఖ్యమైన భాగం లోపించింది. ఎవరూ దాన్ని దాచలేదు, ఎవరూ అడగలేదు, అంతే.

ఆ సాయంత్రం ఖిదిర్‌పూర్‌లో ఒక వాచీల దుకాణంలో సీఆర్2032 బ్యాటరీ కొన్నాను. మూడు వోల్టులు ఉండాలి. పాతదాన్ని మీటరుతో కొలిస్తే 1.2 చూపింది. కొత్తది వేసి, సెటప్ సరిచేసి, ఆపి, పది నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టాను. వివరాలు నిలిచాయి. ఫ్లాపీ లైటు వెలిగింది, డ్రైవు చప్పుడు చేసింది. కానీ బూట్ కాలేదు. ఈసారి తెర మీద వేరే వాక్యం వచ్చింది: "ఇది సిస్టం డిస్కు కాదు, లేదా డిస్కులో లోపం ఉంది."

ఇక్కడే చాలామంది నిరుత్సాహపడతారు. "బ్యాటరీ మార్చినా కాలేదు కదా, కాబట్టి కారణం బ్యాటరీ కాదు" అన్నారు కమిటీవారు. ఒక సంఘటనకు ఒకటే కారణం ఉండాలని ఎవరు చెప్పారు? నిజానికి ఈ కొత్త వాక్యం మంచి వార్త. ఇది కంప్యూటరు లోపల ఉండే వాక్యం కాదు, ఫ్లాపీ మొదటి సెక్టారులోనే రాసి ఉంటుంది. తెర మీదికి అది వచ్చిందంటే కేబులు పనిచేస్తున్నట్టు, మోటారు తిరుగుతున్నట్టు, మొదటి సెక్టారు చదివినట్టు. ఆ తర్వాతి సెక్టార్ల దగ్గర ఆగింది. ఫ్లాపీలో రెండు వైపులా, వైపుకు 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. గుణిస్తే 14,74,560. అన్ని వేల సెక్టార్లలో మొదటిది సరిగా ఉండి, తర్వాతిది చెడటం వింతేమీ కాదు.

ఇంకో సంగతి, ఆ వాక్యంలో "లేదా" అనే మాట. సిస్టం డిస్కు కాకపోవటం ఒకటి, చదవలేకపోవటం ఇంకొకటి. వైరస్ సంగతి కూడా ఆలోచించాలి. బూట్ సెక్టారులో చేరే వైరస్‌లు ఆ కాలంలో సామాన్యం. లాహోర్ అన్నదమ్ములిద్దరు 1986లో రాసిన బ్రెయిన్ వైరస్ అటువంటిదే. అయితే ఈ ఫ్లాపీ మీద రాయకుండా ఆపే కిటికీ తెరిచే ఉంది, పైగా పదహారున ఇది బూట్ అయింది. రాయటానికి వీలులేని ఫ్లాపీలోకి రాత్రికి రాత్రి వైరస్ వచ్చే దారి లేదు. మిగిలింది చదవలేకపోవటం. కుర్రాడు బూజు పట్టిన ఫ్లాపీలు పెట్టాడన్న మాట అప్పుడు పనికొచ్చింది. ఫ్లాపీ డ్రైవు తల డిస్కును తాకుతూ చదువుతుంది. హుగ్లీ ఒడ్డున పాతికేళ్ళ చెమ్మలో పట్టిన బూజు దాని మీదికి అంటుకుంటుంది.

పంతొమ్మిదో తారీకు ఉదయం డ్రైవు విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన దూదిపుల్లతో రెండు తలలూ తుడిచాను. దూది గోధుమరంగుకు తిరిగింది. ఆరనిచ్చి ఫ్లాపీ పెట్టాను. బూట్ అయింది.

అందరూ సంతోషించారు. వెంటనే ఒకాయన, "నిన్న కొట్టిన కొబ్బరికాయ ఊరికే పోలేదు" అన్నాడు. మన భాషలో దీనికి ఎప్పటి నుంచో పేరుంది, కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది, కాబట్టి కాకే పడేసింది. దీన్ని పట్టుకోవటానికి మన తార్కికులు అన్వయ వ్యతిరేకాలు అనే రెండు పరీక్షలు చెప్పారు. కారణం ఉంటే కార్యం ఉండాలి, కారణం లేకపోతే కార్యం లేకపోవాలి. జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో తన తర్కశాస్త్ర గ్రంథంలో చెప్పిన పద్ధతులలో రెండు దీనికి దగ్గరివే. మనం సాధారణంగా మొదటి సగం చూసి ఆగిపోతాం. బాగైంది కదా, ఇంక చాలంటాం. బాగైనదాన్ని మళ్ళీ చెడగొట్టి చూడటానికి ఎవరూ ఒప్పుకోరు.

నేను ఒప్పించాను. అయిదుగురు కమిటీ సభ్యుల ముందు పాత బ్యాటరీ మళ్ళీ వేశాను. సెటప్ చేత్తో ఎక్కించి, ఆపకుండా బూట్ చేస్తే అయింది, పదహారున అయినట్టే. ఆపి, పది నిమిషాలు ఆగి పెడితే కాలేదు, పదిహేడున కానట్టే. కొత్త బ్యాటరీ వేసి, సెటప్ ఎక్కించి, ఆపి, పది నిమిషాల తర్వాత పెడితే అయింది. ఇలా మూడుసార్లు చేశాను. కొబ్బరికాయ మూడుసార్లూ కొట్టినదే, దాని చిప్పలు బల్ల మీదే ఉన్నాయి. పాత బ్యాటరీతో అది సాయం చెయ్యలేదు. నా మాట మీద గౌరవంతో పెద్దావిడ కూడా కాసేపు లోపలికి వచ్చి, అదే కుర్చీలో కూర్చుంది. కొత్త బ్యాటరీతో ఆవిడ ఎదురుగానే బూట్ అయింది. బూజును మాత్రం మళ్ళీ తల మీద పూసి చూడలేదు. అంత ధైర్యం ఫ్లాపీల మీద చెయ్యకూడదు. అందువల్ల బ్యాటరీ విషయం రుజువైంది, బూజు విషయం బలమైన అనుమానం, అంతవరకే అంటాను.

బూజున్న ఫ్లాపీలు ముందు శుభ్రం చేసి, తర్వాత ఆరూ చదివాం. అన్నీ తెరుచుకున్నాయి. నేను తెర మీద చూసి చదువుతుంటే ఇద్దరు విడివిడిగా రాసుకున్నారు, తర్వాత రెండు కాగితాలూ పోల్చి సంతకాలు పెట్టారు. పెద్దావిడ ఖాతాలో 1997 మార్చి 31 నాటికి 9,900 ఉంది. పాస్‌బుక్కులో ఆ తేదీకి ఉన్నదీ అంతే. మిగిలిన 1,500 ఏప్రిల్, మే నెలల్లో కట్టిన రెండు 750లు. ఆ ముద్ర లేని పద్దులు అవే.

"ఫ్లాపీలో లేదు కాబట్టి కట్టలేదు" అన్నారు ఒకరు. ఈ వాదన మూఢనమ్మకంలా కనిపించదు, పైకి హేతుబద్ధంగానే ఉంటుంది. కానీ ఫ్లాపీలు మార్చితోనే ఆగిపోయాయి. ఏప్రిల్ పద్దు ఎవరిదీ వాటిలో ఉండదు. ఉండవలసిన చోట వెతికి, లేదని తేలటం వేరు. ఉండే వీలే లేని చోట వెతికి, లేదనటం వేరు. లెక్కల్లో ఇలాంటి మొత్తానికి సస్పెన్స్ ఖాతా అని ఒకటి పెడతాం. ఇది ఎవరిదో ఇంకా తెలియదు అని ఒప్పుకోవటం దాని అర్థం. తెలియదని ఒప్పుకోవటంలో సిగ్గు లేదు. ఖాతా మూసేయాలన్న తొందరలో ఆ మొత్తాన్ని అందుబాటులో ఉన్న ఒకరి పేరున రాసేయటం మాత్రం నేరం. విధి, కర్మ, దిష్టి, అపశకునం అన్నీ నా దృష్టిలో అలాంటి దొంగ సర్దుబాటు పద్దులే. చివరికి ఆ పొడి సంతకాలను, ముద్ర ఉన్న పాత పద్దుల దగ్గరి సంతకాలతో పోల్చి చూశారు. ఒకే కోశాధికారివిగా కనిపించాయి. ఆ ఆధారంతో కమిటీ 11,400కూ వడ్డీ కట్టి ఇవ్వటానికి ఒప్పుకుంది.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవటం పౌరుడి విధి అని మన రాజ్యాంగంలో 51ఎ అధికరణంలో 1976లో చేర్చుకున్నాం. దానికి ప్రయోగశాల అక్కరలేదు. తెర మీద ఉన్నది మొత్తం చదవటం, నిన్న ఏం జరిగిందో చేసినవాణ్ణే అడగటం, ఒకసారికి ఒకటే మార్చటం, బాగైన తర్వాత వెనక్కు తిప్పి చూడటం. ఈ నాలుగూ ఏ బీకాం వాడైనా చెయ్యగలడు.

డబ్బు నవంబరులో అందింది. ఇవ్వటానికి పిలిచిన రోజున పెద్దావిడ మళ్ళీ గుమ్మం బయటే నిలబడింది. నేనూ, కార్యదర్శీ ఎంత పిలిచినా, "ఇక్కడే బాగుంది బాబూ" అన్నది. రిజిస్టరు బయటికి తీసుకువెళ్ళి అక్కడే వేలిముద్ర వేయించుకున్నాం. కంప్యూటరు ఆగినందుకు కారణం రెండు రోజుల్లో తేలింది. ఆవిడను అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నామని ఆ గదిలో ఎవరూ చెప్పలేదు. మినిట్స్ పుస్తకంలో మాత్రం, యంత్రం ఆగటానికి బ్యాటరీ కారణమనీ, ఏ సభ్యుడికీ, సభ్యురాలికీ సంబంధం లేదనీ ఒక వాక్యం రాయించాను. కార్యదర్శి సంతకం పెట్టాడు.